వరి పొలంలో ఎలుకలకు ఎర పెట్టడం: కలుగుల లెక్క నుంచి కళేబరాలు పాతిపెట్టేదాకా

తెనాలి వైపు సార్వా (ఖరీఫ్ వరి) నాట్లు పూర్తవగానే ఏటా ఇదే ప్రశ్న వస్తుంది. "మందు పెట్టాం, ఎలుకలు చావలేదు. ఏ మందు మంచిది?" మందు గురించి అడిగేవాళ్ళే కాని, పెట్టేముందు కలుగులు మూశారా అంటే మూశామనేవాళ్ళు తక్కువ. చాలామంది దగ్గర తప్పుతున్నది మందు కాదు, పని జరిగే వరస. ఆ వరసే ఇక్కడ రాస్తున్నాను.

ఇది కృష్ణా పశ్చిమ డెల్టా మాగాణి పొలాలను దృష్టిలో పెట్టుకుని రాసింది. గుంటూరు, విజయవాడ ఇళ్ళకు, దుకాణాలకు పనికొచ్చే సంగతి, కుక్కలు, కోతుల సంగతి చివర్లో ఉన్నాయి.

1. ముందు అది ఎలుక పనేనని తేల్చుకోండి

దుబ్బులో ఎండిన పిలక కనిపించగానే ఎలుక అనుకోకండి. ఆ పిలకను పట్టి పైకి లాగండి. మొవ్వు సులువుగా ఊడి వచ్చి, అడుగున పురుగు తొలిచిన గుర్తు ఉంటే అది కాండం తొలిచే పురుగు. నీటిమట్టానికి కాస్త పైన, కత్తితో ఏటవాలుగా నరికినట్టు తెగి, ముక్కలు నీళ్ళలో తేలుతుంటే ఎలుక.

గట్టు మీద ప్రతి రంధ్రమూ ఎలుకది కాదు. పీత బొరియ నీటి అంచున ఉంటుంది, చుట్టూ తడి మట్టి ఉండలు పేర్చినట్టు కనిపిస్తాయి. ఎలుక కలుగు ముందు పొడి మట్టి కుప్పగా పోసి ఉంటుంది, పక్కన కొరికిన పిలకలు పడి ఉంటాయి. పీత బొరియల్లో ఎర పెడితే నూకలూ మందూ నీళ్ళపాలు.

మన మాగాణిలో ఎక్కువ నష్టం చేసేది చిన్నజాతి పందికొక్కు. ఇది లోపలికి వెళ్ళాక కలుగు నోటిని మట్టితో మూసుకునే రకం. మూసి ఉన్న కలుగు ఖాళీదని వదిలేస్తే అసలు దొంగను వదిలేసినట్టే. సాధారణంగా పిల్లల తల్లి తప్ప పెద్ద ఎలుకలు ఒక కలుగులో ఒకటే ఉంటాయి. అందుకే ఎలుక ఉన్న కలుగుల లెక్క దాదాపుగా ఎలుకల లెక్క.

2. ఎప్పుడు పెట్టాలి

ఎలుకకు పొలంలో తిండి లేనప్పుడే మన నూకలు దానికి రుచి. ఈ ఒక్క మాట పట్టుకుంటే సమయం అదే తేలుతుంది.

మొదటి అదను, ప్రకాశం బ్యారేజి నుంచి కాలువలకు నీళ్ళు వదలకముందు. అప్పుడు ఎలుకలన్నీ పంటకాలువ గట్ల మీద, మురుగుకాలువ కట్టల్లో, డొంకల పక్కన, గడ్డివాముల కింద ఉంటాయి. పొలం ఖాళీ, తిండి కరువు. ఇంతకు మించిన అదను ఏడాదిలో మరొకటి లేదు. మనవాళ్ళు ఎక్కువగా వదిలేసేదీ ఇదే.

రెండో అదను, నాట్లు వేసిన నెలన్నర లోపు, దుబ్బు కట్టే దశలో. చిరుపొట్ట దశకు ముందే పని పూర్తికావాలి.

పొట్ట, ఈనిక దశలో ఎర పెడితే డబ్బు దండగ. గింజ పాలు పోసుకునే వెన్ను ఎదురుగా ఉండగా ఎలుక మీ నూకల వైపు చూడదు. అప్పుడు పొగ, బుట్టలే (ఎలుకలు పట్టే ఉచ్చులు) దారి. వాటి సంగతి 7లో ఉంది.

కోతకు ముందు మినుము చల్లేవారు, కోత తరువాత దున్నకుండా మొక్కజొన్న వేసేవారు మరోసారి కలుగులు లెక్కపెట్టుకోవాలి. మొక్కజొన్న విత్తిన రాత్రే ఎలుక సాలు వెంట గింజలు తవ్వుకుపోతుంది. తెల్లారి చూస్తే గోళీలాట గుంటల్లాగా వరసగా గుంటలు ఉంటాయి.

3. మందు ఎంపిక

పొలానికి రెండే మందులు గుర్తుపెట్టుకోండి.

బ్రోమాడయోలోన్: దుకాణంలో బ్రోమోడయోలిన్ అంటారు. 0.25 శాతం పొడిగా దొరుకుతుంది, నూకల్లో కలుపుకోవాలి. రక్తం గడ్డకట్టకుండా చేస్తుంది. తిన్న నాలుగో రోజు నుంచి పది రోజుల లోపు చస్తాయి. తిన్నదానికీ చావుకీ మధ్య రోజులు గడుస్తాయి కాబట్టి మిగిలినవాటికి అనుమానం రాదు. దీనికి విరుగుడు ఉంది: విటమిన్ కె1.

జింక్ ఫాస్ఫైడ్: నల్లని బూడిదరంగు పొడి, వెల్లుల్లి లాంటి వాసన. కడుపులోని ఆమ్లంతో కలిసి ఫాస్ఫీన్ వాయువు పుట్టి, గంటల్లోనే చంపుతుంది. విరుగుడు లేదు. చాలినంత తినక బతికిపోయిన ఎలుక మళ్ళీ ఆ ఎరను ముట్టదు. దీన్నే ఎర బెదురు అంటారు. అందుకే ఒక పంటకాలంలో ఒక్కసారికి మించి వాడకూడదు.

ఎలుకలు విపరీతంగా ఉన్నచోట ముందు జింక్ ఫాస్ఫైడ్, మిగిలినవాటికి బ్రోమాడయోలోన్. మామూలుగా ఉంటే బ్రోమాడయోలోన్ ఒక్కటే చాలు. పిల్లలు, కోళ్ళు, పశువులు తిరిగే గట్లయితే నేను జింక్ ఫాస్ఫైడ్ జోలికి పోను.

వాడకూడనివి:

- పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు. మనిషి కడుపులోకి పోతే కొన్ని రోజుల తరువాత కాలేయం దెబ్బతింటుంది, ప్రత్యేక విరుగుడు లేదు.
- అల్యూమినియం ఫాస్ఫైడ్ బిళ్ళలు. వాడకంపై ఆంక్షలు ఉన్న మందు ఇది, రైతు సొంతంగా వాడేది కాదు.
- కలుగుల్లో పోసే పురుగుమందు గుళికలు. డబ్బా మీద ఎలుకల కోసమని రాసి లేని మందు ఎలుకలకు వాడకూడదు.
- పొలం చుట్టూ కరెంటు తీగ. ఎలుకకని, పందికని కట్టిన తీగ తెల్లవారుజామున నీళ్ళు పెట్టడానికి వెళ్ళిన మనిషిని చంపుతుంది. నేరం కూడా.

కొనేటప్పుడు బిల్లు తీసుకోండి. డబ్బా మీద రిజిస్ట్రేషన్ నంబరు, గడువు తేదీ, త్రికోణం రంగు చూడండి. త్రికోణం ఎర్రగా ఉంటే అత్యంత విషపూరితమని అర్థం. విడిగా పొట్లం కట్టి ఇచ్చే పొడి వద్దు. ఒక సంవత్సరం అలాంటి పొట్లమే తెచ్చి పెట్టాను. ఎలుకలు నూకలన్నీ తిని బలిశాయి.

4. పనికి ముందు చూసుకోవలసినవి

- పక్క రైతులతో మాట: కాలువకు రెండు వైపులా ఉన్నవాళ్ళంతా ఒకే రోజు మొదలుపెట్టాలి. ఒక్కడి మూడెకరాల్లో చంపితే వారంలో పక్క గట్టు ఎలుకలు ఆ ఖాళీ కలుగుల్లోకి గృహప్రవేశం చేస్తాయి. రైతు సేవా కేంద్రంలో అడిగితే సామూహిక కార్యక్రమం కింద మందు ఇస్తున్నారేమో తెలుస్తుంది.
- కొత్త నూకలు. ముక్కినవి, తవుడు ఎక్కువ ఉన్నవి వద్దు.
- వేరుశనగ నూనె లేదా ఇంట్లో వాడే ఏ వంటనూనె అయినా.
- పొట్లాలకు పాత న్యూసు పేపరు ముక్కలు (దారం అక్కరలేదు).
- రబ్బరు చేతితొడుగులు, ముక్కుకు గుడ్డ, కలపడానికి కర్ర, మళ్ళీ వంటకు వాడని పాత బేసిను.
- గుర్తులకు సున్నం లేదా రంగు గుడ్డ కట్టిన పుల్లలు.
- పార, రెండడుగుల కర్ర, పట్టకారు, మూత ఉన్న బకెట్టు.
- వాన లేని నాలుగైదు రోజులు. తడిసిన పొట్లాన్ని ఎలుక ముట్టదు.

ఇంకొకటి. మన వైపు ఎలుకలు పట్టడంలో యానాదులను మించినవాళ్ళు లేరు. పట్టిన ఎలుకలను వండుకునే అలవాటు, కలుగులో ఎలుకలు దాచిన ధాన్యం తవ్వి తీసుకునే అలవాటు కొందరికి ఉంది. మీరు ఎర పెట్టే గట్ల వివరం వాళ్ళ పెద్దకు ముందే చెప్పండి, ఎన్నాళ్ళదాకా అక్కడ పట్టకూడదో కూడా చెప్పండి. ఈ మాట మరచిపోవడం కంటే పెద్ద తప్పు ఈ పనిలో ఇంకొకటి లేదు.

5. ఎర కలపడం

కొలతలు వందకు భాగాల్లో చెబితే పొలంలో గందరగోళమవుతుంది. కిలోకు లెక్క ఇదిగో.

*బ్రోమాడయోలోన్ ఎర, ఒక కిలో:* నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, 0.25 శాతం పొడి 20 గ్రాములు. కలిపాక ఎరలో మందు 0.005 శాతం ఉంటుంది. 15 గ్రాముల చొప్పున 66 పొట్లాలు వస్తాయి.

*అలవాటు ఎర (జింక్ ఫాస్ఫైడ్‌కు ముందు ఎలుకకు రుచి అలవాటు చేసేది), ఒక కిలో:* నూకలు 980 గ్రాములు, నూనె 20 గ్రాములు. మందు లేదు. 20 గ్రాముల చొప్పున 50 పొట్లాలు.

*జింక్ ఫాస్ఫైడ్ ఎర, ఒక కిలో:* నూకలు 960 గ్రాములు, నూనె 20 గ్రాములు, మందు 20 గ్రాములు. 10 గ్రాముల చొప్పున 100 పొట్లాలు.

కలిపే వరస ముఖ్యం. ముందు నూకలకు నూనె పట్టించాలి. బేసినులో నూకలు పోసి నూనె ధారగా వేస్తూ కర్రతో కిందా మీదా చేయాలి. గుప్పెడు తీసి చూస్తే ప్రతి నూకా మెరవాలి, కాని చేతికి నూనె కారకూడదు. ఆ తరువాతే పొడి చల్లాలి. పొడి ముందు వేస్తే అడుగుకు జారిపోతుంది. సగం పొట్లాల్లో మందు ఉండదు, సగంలో ఉండవలసినదానికి రెట్టింపు ఉంటుంది. బ్రోమాడయోలోన్ పొడికి రంగు ఉంటే నూకలన్నీ ఒకే రంగుకు తిరిగేదాకా తిప్పాలి.

"ఇంకో చెంచా వేస్తే గట్టిగా పనిచేస్తుంది కదా" అంటారు. చేయదు. మందు ఎక్కువైతే వాసనకు, రుచికి ఎలుక వదిలేస్తుంది.

కలపడం ఆరుబయట, గాలికి వీపు పెట్టి చేయాలి. ఆ సమయంలో బీడీ, టీ, కిళ్ళీ ఏదీ వద్దు. ఆ రోజుకు కావలసినంతే కలపండి. పొట్లం గట్టిగా మెలితిప్పకుండా, వదులుగా మడవండి.

6. రోజువారీ పని

*మొదటి రోజు, సాయంత్రం.* గట్లు, కాలువకట్టలు, డొంక, గడ్డివాము చుట్టూ కనిపించిన ప్రతి కలుగునూ మట్టితో మూయండి. మూస్తూ లెక్క రాసుకోండి. చేయి లోపల పెట్టవద్దు, కర్రే వాడండి. ఎలుక కలుగులో నాగుపాము కాపురం ఉండడం మన గట్లకు కొత్త కాదు.

*రెండో రోజు, పొద్దున్నే.* తెరుచుకున్న కలుగులే సజీవ కలుగులు. ఒక్కోదాని పక్కన పుల్ల గుచ్చండి. లెక్క రాయండి. నిన్న 90 మూస్తే ఇవాళ 35 తెరుచుకోవచ్చు. మిగిలిన 55లో పెట్టబోయిన మందు మీకు మిగిలినట్టే.

ఇక్కడి నుంచి దారి రెండుగా చీలుతుంది.

బ్రోమాడయోలోన్ ఒక్కటే అయితే, ఆ సాయంత్రమే సజీవ కలుగుకు ఒక పొట్లం, కర్రతో మూరెడు లోపలికి నెట్టండి. నోటి దగ్గర వదిలేస్తే కాకులకు, కోళ్ళకు అందుతుంది. దీనికి అలవాటు ఎర అక్కరలేదు.

జింక్ ఫాస్ఫైడ్ అయితే:

- రెండో రోజు సాయంత్రం: సజీవ కలుగులో మందు లేని అలవాటు ఎర, 20 గ్రాములు.
- మూడో రోజు: చూడండి, కదపకండి. పొట్లం లాక్కుపోయిన కలుగులకు గుర్తు మార్చండి.
- నాలుగో రోజు సాయంత్రం: అలవాటు ఎర తిన్న కలుగుల్లో జింక్ ఫాస్ఫైడ్ ఎర, 10 గ్రాములు.
- ఐదో రోజు తెల్లవారగానే: బయట పడిన ఎలుకలను ఏరండి, తినని పొట్లాలను వెనక్కి తీయండి, కలుగులన్నీ మళ్ళీ మూయండి.
- ఆరో రోజు: మళ్ళీ తెరుచుకున్నవాటిలో బ్రోమాడయోలోన్, 15 గ్రాములు.

అలవాటు ఎర దండగ ఖర్చులాగా కనిపిస్తుంది. పందికొక్కు కొత్త తిండిని మొదట వాసన చూసి, కొసరు కొరికి వదిలేస్తుంది. ఆ కొసరులో మందు ఉంటే కడుపునొప్పి వచ్చి బతుకుతుంది, ఇక ఆ పంటకాలమంతా మీ నూకలకు దూరం. రెండు రోజులు ఉచిత భోజనం పెట్టడం దాని అనుమానం తీర్చడానికే.

రెండు దారుల్లోనూ పన్నెండు పదిహేను రోజుల తరువాత మళ్ళీ కలుగులు మూసి, తెరుచుకున్నవాటిలో బ్రోమాడయోలోన్ పెట్టాలి. ఎలుక గర్భం మూడు వారాలే. ఈ రెండో విడత వదిలేస్తే మొదటి విడత ఫలితం నెలలో కరిగిపోతుంది.

*కళేబరాలు.* రోజూ ఉదయం గట్టు నడవాలి. పట్టకారుతో తీసి బకెట్టులో వేసి, కాలువకు దూరంగా రెండడుగుల గోతిలో పాతిపెట్టండి. మిగిలిన ఎర, పొట్లం కాగితాలు కూడా అందులోనే. విషం తిన్న ఎలుకను తిని గుడ్లగూబ, జెర్రిపోతు, పిల్లి, కుక్క చస్తాయి. చావుపిట్ట అని మనం తరిమే తెల్ల గుడ్లగూబ రాత్రికి ఎలుకలు తినే మన జీతం లేని కూలీ. వట్టి చేత్తో ఎలుకను ముట్టవద్దు. దాని మూత్రంతో ఎలుక జ్వరం వస్తుంది, కాలి పగుళ్ళలోంచి కూడా లోపలికి పోతుంది.

7. ఎర తిననప్పుడు

*పొట్లాలు కదలలేదు.* పంట పొట్ట దాటిందా చూడండి. దాటితే ఎర ఆపేసి, కలుగుకు పొగ పెట్టండి. పొగయంత్రంలో ఎండు గడ్డి కూరి, ఒక నోరు తప్ప మిగిలిన నోళ్ళన్నీ బురదతో మూసి, రెండు మూడు నిమిషాలు పొగ పంపి ఆ నోరూ మూసేయాలి. పొగ బయటికొచ్చిన ప్రతి చీలికనూ మెత్తితేనే పని జరుగుతుంది. దీనికి ఇద్దరు మనుషులు కావాలి.

*పొట్లం బయటికి నెట్టేసింది.* నూకలు ముక్కి ఉంటాయి, లేదా మందు ఎక్కువైంది. కొత్తగా కలపండి.

*తిన్నాయి, చావలేదు.* బ్రోమాడయోలోన్ అయితే పది రోజులు ఆగండి. చాలా ఎలుకలు కలుగులోనే చస్తాయి, బయట కనిపించవు. శవాల లెక్క కాదు, మూసిన కలుగులు తెరుచుకోవడం ఆగిందా అన్నదే లెక్క.

*చచ్చాయి, మళ్ళీ వచ్చాయి.* పక్కవాళ్ళు పెట్టలేదు, లేదా కాలువకట్ట వదిలేశారు. వెడల్పాటి ఎత్తు గట్లు ఎలుకకు మేడలు. దమ్ములో (నాటుకు ముందు బురద దున్నేటప్పుడు) గట్లు చెక్కి అడుగు వెడల్పుకు తగ్గించండి, కలుపు లేకుండా ఉంచండి.

బుట్టలు పాత నాటు పద్ధతే అయినా పొట్ట దశలో మందుకంటే నయం. ఎకరాకు 20 దాకా, చేయి తిరిగినవాళ్ళ చేత పెట్టించండి. ఎలుకకింత అని ముందే మాట్లాడుకోవాలి. ఎర పెట్టిన పొలంలో మాత్రం బుట్టలు పెట్టించవద్దు.

8. ప్రమాదం జరిగితే

- మందు తిన్నారని అనుమానం వచ్చినా 108కి ఫోను చేయండి. మందు డబ్బా వెంట తీసుకెళ్ళండి. డాక్టరు మొదట అడిగేది ఏ మందు అనే.
- ఉప్పునీళ్ళు తాగించి కక్కించవద్దు. పాలు, నెయ్యి, నూనె పట్టించవద్దు. జింక్ ఫాస్ఫైడ్ విషయంలో ఇవి మరింత ప్రమాదం.
- బ్రోమాడయోలోన్ తిన్న మనిషి రెండు మూడు రోజులు బాగానే కనిపిస్తాడు. బాగున్నాడు కదా అని ఇంట్లో ఉంచవద్దు. చిగుళ్ళ నుంచి, ముక్కు నుంచి రక్తం మొదలయ్యేదాకా ఆగకూడదు.
- పశువు తింటే 1962కు ఫోను చేయండి.

మిగిలిన మందు వంటింట్లో, అటక మీద పెట్టవద్దు. తాళం వేసిన పెట్టెలో, అసలు డబ్బాలోనే ఉంచండి.

9. ఇళ్ళు, దుకాణాలు

గుంటూరు మిర్చి గోదాములోనైనా, విజయవాడ వన్‌టౌన్ కిరాణా కొట్టులోనైనా నూకలు కలిపే పని వద్దు. 0.005 శాతం బ్రోమాడయోలోన్ తయారు బిళ్ళలు దొరుకుతాయి. తాళం పడే ఎర పెట్టెలో తీగతో కట్టి, గోడ వెంట పెట్టండి. ఎలుక గోడను ఒరుసుకుంటూ నడుస్తుంది, గది మధ్యలో పెట్టిన ఎర దానికి కనిపించదు. తలుపు కింద సందు, కాలువ మూత, ఏసీ గొట్టం చుట్టూ ఉన్న రంధ్రం మూయకుండా ఎర పెట్టడమంటే వీధిలోని ఎలుకలకు అన్నదానం చేయడమే. ఇంట్లో చచ్చిన ఎలుక వాసన పది రోజులు భరించలేనివారు బోనే వాడుకోవాలి.

10. కుక్కలు, కోతులు, పావురాలు: ఇక్కడ విషం మాట ఎత్తవద్దు

ఈ ఎరలు ఎలుకలకే. వీధికుక్కలకు విషం పెట్టడం నేరం. వాటి సంఖ్య తగ్గించే పద్ధతి 2023 జంతు జనన నియంత్రణ నిబంధనల్లో ఉంది: పట్టి, శస్త్రచికిత్స చేసి, రేబిస్ టీకా వేసి, పట్టిన చోటే వదలాలి. ఇది మున్సిపాలిటీ, పంచాయతీల బాధ్యత. మీరు చేయవలసింది వీధి పేరు, కుక్కల సంఖ్య, చెవికి గాటు లేనివి ఎన్నో రాసి అర్జీ ఇవ్వడం. గాటు ఉందంటే ఆపరేషను అయినట్టు. వీధిలో సగానికి చేసి సగం వదిలేస్తే పిల్లలు పుడుతూనే ఉంటాయి, అందుకే ఆ లెక్క అర్జీలో ఉండాలి.

కోతులకు హిమాచల్ ప్రదేశ్‌లో, తెలంగాణలో నిర్మల్ దగ్గరి కేంద్రంలో ఆపరేషన్లు చేస్తున్నారు. పట్టడం, తరలించడం సొంతంగా చేయవద్దు, ముందు అటవీశాఖను అడగండి. అడవిపందికి కూడా ఇదే మాట.

ఎలుకలకే పిల్లలు పుట్టకుండా చేసే ద్రవ ఎరను అమెరికాలో 2016లో ఆమోదించారు. పావురాలకు నికార్బజిన్ కలిపిన గింజలు ఇటలీ, స్పెయిన్ నగరాల్లో వాడుతున్నారు. ఇవి ఉన్న సంఖ్యను వెంటనే తగ్గించవు, రోజూ తినిపిస్తేనే పనిచేస్తాయి. గట్టు మీద పిలకలు తెగుతున్న రైతుకు ఈ సార్వాలో అక్కరకు రావు. ఎవరైనా దుకాణంలో అలాంటిది చూపిస్తే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. అపార్టుమెంటులో పావురాలకు వల కట్టడమే మేలు.

11. పుస్తకంలో రాసుకోవలసిన నాలుగు అంకెలు

మూసిన కలుగులు, మర్నాడు తెరుచుకున్నవి, మొదటి విడత తరువాత తెరుచుకున్నవి, రెండో విడత తరువాత తెరుచుకున్నవి. తేదీలతో. పోయిన సార్వాలో మా కాలువ గట్టున ఆ అంకెలు 112, 41, 13, 6. ఆ ఆరింటిలో నాలుగు మురుగుకాలువ వంతెన పక్కనే ఉన్నాయి. అక్కడికి పార తీసుకెళ్ళి, పొగ పెట్టి, రాళ్ళతో మూశాం. ఈసారి నీళ్ళు వదలకముందు మొదట చూసేది ఆ వంతెన పక్కనే.